నంబరు ప్లేటు మీద చెయ్యి

"జర చెయ్యి పెట్టు" అన్నాడు హరీష్, వెనక్కి తిరగకుండానే.

కాజీపేట చౌరస్తా దగ్గర పడుతుంటే ఆ మాట వినపడకముందే పద్మలత చెయ్యి వెనక్కి పోతుంది. ఒళ్లో టిఫిన్ డబ్బా జారకుండా ఒక చేత్తో పట్టుకుని, నడుము తిప్పి, రెండో చేత్తో బండి నంబరు ప్లేటు మూయాలి. పోలీసు కెమెరా దాటేదాకా అట్లాగే వంగి ఉండాలి. హెల్మెట్ పెట్టుకుంటే హరీష్‌కు చెమట పోస్తుందట, దువ్విన తల చెడిపోతుందట. అందుకని పెళ్లయిన నాటి నుంచీ ఆయన హెల్మెట్ చెయ్యాల్సిన పని ఈమె చెయ్యి చేస్తోంది. ఒకసారి సైలెన్సర్ తగిలి మణికట్టు కాలితే, "చూస్కోవద్దా?" అని ఆమెనే కసిరాడు.

హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూలు బస్సులో పద్మలత ఆయమ్మ. మడికొండ అవతలి ఊళ్ల పిల్లలను పొద్దున తెచ్చి సాయంత్రం దింపుతుంది ఆ బస్సు. "బస్సుల కూసోని తిరిగొచ్చుడు గూడ ఒక నౌకరేనా? కిటికి పక్కన గాలికి పోతవు, ఇంటికొచ్చి నడుం నొప్పంటవు" అంటాడు హరీష్. ఆ గాలిలో ఎవరు వాంతి చేసుకున్నారో, దాన్ని ఎవరు కడిగారో ఆయనకు తెలియదు. నిద్రపోయిన పిల్లలను భుజాన వేసుకుని దింపడం, ఊడిన బూట్లు తొడగడం, పిల్లలు రోడ్డు దాటేదాకా లారీలకు ఎదురుగా రెండు చేతులూ చాపి నిలబడటం, "రోడ్డు మీ అయ్యదా?" అన్న తిట్లు వినడం, ఇవన్నీ చెప్పాలని ఎన్నోసార్లు అనుకుంది. చెప్పేలోపు ఆయనకు అన్నంలోకి ఏదో ఒకటి తక్కువయ్యేది, ఆమె లేచి వంటింట్లోకి పోయేది.

ఈ ఏడు బడి తెరిచాక బస్సు పక్కన కెమెరా బిగించారు. బస్సు ఆగగానే మిగతా బండ్లను ఆగమనే ఎర్ర బోర్డు పక్కకు తెరుచుకుంటుంది. దాన్ని లెక్కచెయ్యకుండా దూసుకుపోయే బండ్లు కెమెరాకు చిక్కుతాయి. పొద్దుటి ట్రిప్పు అయ్యాక బస్సుల వ్యవహారం చూసే రెబెకా మేడం ఆ వీడియోలు తెరిచి, "బోర్డు తెరిచే ఉండెనా? పిల్లలు దాటుతున్నరా?" అని ఆయమ్మను అడుగుతుంది. ఆయమ్మ ఔనంటేనే అవి ట్రాఫిక్ పోలీసులకు పోతాయి.

మొదటి రోజు ఆ తెర మీద పద్మలత తనను తాను చూసుకుంది. ముక్కు దాకా వచ్చిన లారీ, దాని ముందు చేతులు చాపుకుని కొంగు నడుముకు దోపుకున్న ఒక ఆడమనిషి.

"గిది నేనేనా మేడం?"

"నువ్వే. రోజూ గీ సర్కసే చేస్తాన్నవు" అని నవ్వింది రెబెకా.

పద్మలత నవ్వలేదు. తన పనిని తనకు చూపించినవాళ్లు అంతవరకూ ఎవరూ లేరు.

ఒక సోమవారం సాయంత్రం ఘన్‌పూర్ రోడ్డు మీద బస్సు ఆగింది. పద్మలత ఒక పిల్లవాణ్ని వాళ్ల నాయనమ్మ చేతికి ఇస్తుండగా వెనక హారన్, ఆ వెంటే కేక. ఎల్‌కేజీ పాప రోడ్డు నడుమ నిలబడిపోయి ఉంది. పాప చేతిలోంచి పడిన నీళ్ల సీసా చితికిపోయింది. పద్మలత ఉరికి పాపను లాక్కునేసరికి బండి మలుపు తిరిగింది. దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు.

మర్నాడు రెబెకా ఆ వీడియో పెట్టింది. నడిపేవాడు అటు తిరిగి ఉన్నాడు. వెనక కొంగు కప్పుకున్న ముసలామె వంగి నంబరు ప్లేటుకు చెయ్యి అడ్డం పెట్టింది. ముంజేతి మీద తులసికోట పచ్చబొట్టు. అత్త రాజక్క చెయ్యి అది. నిన్న ఘన్‌పూర్‌లో చుట్టాల ఇంటికి పోయి కొడుకు బండి మీదే తిరిగొచ్చింది.

"నంబరు కనిపిస్తలేదు. ఎవరన్నా గుర్తుపడ్తవా లతా?"

"లేదు మేడం."

ఆ మాట ఎంత తొందరగా వచ్చిందో! బండి ఎక్కకుండానే, ఆయన అడగకుండానే, ఈ రోజు కూడా తను చెయ్యి అడ్డం పెట్టింది.

రాత్రి అన్నాల దగ్గర హరీష్ హుషారుగా ఉన్నాడు. "నిన్న మీ బస్సునే దాటేసిన. అమ్మ చెయ్యి పెట్టింది. ఇగ మీ కెమెరా ఏం జేస్తది?"

"అక్కడ పిల్ల ఉండె."

"తాకలేదు గద? తాకితే మాట్లాడు."

రాజక్క ముద్ద నోట్లో పెట్టుకోలేక కంచం ముందు నుంచి లేచిపోయింది.

తెల్లవారి పద్మలత అంట్లు తోముతుంటే రాజక్క పక్కన వచ్చి కూర్చుంది. చాలాసేపు తోమిన గిన్నెలే మళ్లీ కడిగింది.

"ఆ పొల్ల జడ నా మోకాలుకు తాకింది బిడ్డా. ఏమాయెనో చూద్దామంటే వాడు చెయ్యి తియ్యకన్నడు. నేను తియ్యలే. రాత్రంత గదే యాదికొచ్చింది."

పద్మలత చేతిలోని పీచు పక్కన పెట్టింది. "ఇయ్యాల మేడంకు చెప్త అత్తమ్మా. బండి మనదేనని."

తిడుతుందనుకుంది. కొడుకు మీద చాడీలు చెప్తావా అంటుందనుకుంది. రాజక్క చెంగుతో చేతులు తుడుచుకుంది.

"నువ్వొక్కదానివి చెప్తే మొగని మీద పగతోని చెప్పినవంటరు. నేనూ వస్త."

"మోకాళ్ల నొప్పులతోని ఎట్ల వస్తవు?"

"ఆటోల వస్త. నీ ట్రిప్పు అయ్యేదాంక గేటుకాడ కూసుంట."

వాకిట్లో హారన్ మోగింది. "లేటైతాంది, ఎక్కు!"

"నువ్వు పో. మేం ఆటోల పోతం" అంది పద్మలత.

"మేమంటే ఎవరు?" అప్పుడు చూశాడు తల్లిని. చెప్పులు తొడుక్కుంటోంది. "అమ్మా, నువ్వెటు? దవాఖానకా?"

"కాదు కొడుకా, బడికి. చిన్నప్పుడు నిన్ను తోలినప్పుడు ఎన్నడు నేను లోపలికి పోలే. ఇయ్యాల పోత."

అతను ఇద్దరి ముఖాలూ చూసి, కిక్కు కొట్టి వెళ్లిపోయాడు.

ట్రిప్పు అయ్యాక రెబెకా ఎదుట రాజక్క ముంజేతిని బల్ల మీద పెట్టింది. "గా వీడియోల ఉన్నది గిదే మేడం. బండి నడిపినోడు నా కొడుకు."

నంబరు పద్మలత చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. చివరి అంకె దాకా చెప్పింది.

రెబెకా వేళ్లు మీటల మీద ఆగాయి. "పంపిన్నంటే మళ్ల వాపస్ రాదు లతా. చలానా సక్కగ మీ ఇంటికే వస్తది. ఇంట్ల ఏమంటరో ఆలోచించుకున్నవా?"

"మా ఇంట్ల ఉండేది ముగ్గురమే మేడం" అంది పద్మలత. "ఇద్దరం ఇక్కడనే ఉన్నం."