నాలుగు వేల ఖాళీలు

ఆఫీసులో ఆమెను అందరూ భూతద్దం అంటారు. వచ్చే ప్రతి ఫైలుకీ హాష్ తీయడం ఆమె పని. హాష్ అంటే ఫైలు వేలిముద్ర అనుకోండి. ఒక్క అక్షరం మారినా ముద్ర మొత్తం మారిపోతుంది. తెలిసిన సాఫ్ట్‌వేర్ ముద్రలన్నీ ఒక జాబితాలో ఉంటాయి. ఆ జాబితాలో లేని ఫైలు ఏ కంప్యూటర్లోనూ నడవకూడదని నిరుడు గోడకు ఉత్తర్వు అంటించారు. ఆరేళ్ళుగా ఆమెది తాత్కాలిక ఉద్యోగం. పర్మినెంటు కాగితం డైరెక్టరుగారి బల్లమీద సంతకం కోసం పడి ఉంది.

ఆ డైరెక్టరుగారు ఏడు నెలలు తలుపు బిడాయించుకుని కూర్చుని, రికార్డుల కోసం సొంతంగా సాఫ్ట్‌వేర్ రాశానని డప్పు కొట్టుకున్నారు. భూతద్దం పరీక్షిస్తే నాలుగు వేల ఒక్క ఫైళ్ళలో నాలుగు వేలు జాబితాలో దొరికాయి. అన్నీ ఎవరో రాసి ఉచితంగా పంచిపెట్టినవే. దొరకనిది ఒక్కటే, డైరెక్టరుగారి ఫొటో.

"సార్, ఇవన్నీ పాతవేనండీ," అంది గొంతు తగ్గించి.

ఆయన మొహం మాడలేదు. మాడాలంటే సిగ్గుండాలి కదా! "ఒక్క అక్షరం మారినా ముద్ర మారుతుందన్నావుగా అమ్మా?" అని, ఆ నాలుగు వేల ఫైళ్ళ చివరా కంటికి కనబడని ఒక్కో ఖాళీ, అంటే ఒక్కో స్పేసు, చేర్చారు. ఏడు నెలల్లో ఆయన సొంతంగా రాసింది ఆ ఖాళీలే.

ఈసారి ఒక్క ఫైలూ జాబితాలో దొరకలేదు.

"చూశావా, అన్నీ కొత్తవే! అలాగని రిపోర్టు రాసి సంతకం పెట్టు. నీ కాగితం సంగతి నేను చూసుకుంటా."

"కానీ సార్, ఆ ఉత్తర్వు..."

"పెట్టమంటే పెట్టు. నా గదిలో బ్రహ్మాండంగా నడుస్తోంది."

నడవదా మరి? ఆ ఉత్తర్వునుంచి తన గదిని ఆయన ముందే మినహాయించుకున్నారు.

'జాబితాలో లేవు' అని మాత్రం రాసి ఆమె సంతకం పెట్టింది. అబద్ధమేమీ కాదు. అయినా తనమీద తనకే రోత పుట్టింది.

ప్రారంభోత్సవం నాడు హాలు కిటకిటలాడింది. పైఅధికారిణి మీట నొక్కింది. 'తెలియని ఫైలు. అనుమతి లేదు' అంది తెర. మళ్ళీ నొక్కినా అదే మాట. ఫొటో నడిచేది కాదు, చూసేదే గనక అదొక్కటి తెరుచుకుంది. డైరెక్టరుగారు తెరనిండా పళ్ళికిలించారు.

"ఎవరు పెట్టారయ్యా ఈ రూలు?" అంది పైఅధికారిణి.

"ఈవిడేనండీ! ఈవిడ చాదస్తమే ఇదంతా," అని ఆయన భూతద్దం వైపు వేలు చూపించారు.

ఇక నోరు విప్పితే కాగితం గంగలో కలిసినట్టే. ఆమెకది తెలుసు. అయినా లేచి, గోడమీది ఉత్తర్వు పీకి తెచ్చి పైఅధికారిణి చేతిలో పెట్టింది.

"సంతకం చూడండి మేడమ్, డైరెక్టరుగారిదే. ఇది మాత్రం నిజంగా ఆయన సొంతంగా రాసిందేనండీ."