ఇరవై ఒకటో గది

పాల్‌రాజు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, హోటలు గదుల జాబితాలో పన్నెండో గదికి ఎదురుగా పెన్సిలుతో సున్నా చుట్టాడు. ఆ గదిలో దిగే దంతవైద్యుడికి మోకాళ్ళ నొప్పి. స్నానాలగదిలో తొట్టి ఉంటే కాలెత్తి దిగలేడు. తొమ్మిదో గది ఆవిడకు చప్పుడు పడదు. ఆ హోటలు లిఫ్టులో ఇద్దరు మనుషులైనా పడతారు, ఒక మనిషీ ఒక పెట్టె అయినా పడతాయి.

పందొమ్మిదేళ్ళుగా ఈ ఎడారి దేశంలో, షర్క్‌లోని ఆ ట్రావెల్ ఆఫీసులో వైద్యుల మహాసభలకు బస ఏర్పాట్లు చూస్తున్నాడు. నేపుల్స్‌లో ఏ సందులోకి బస్సు పట్టదో, డుబ్రోవ్నిక్ కోటలో ఎక్కడినుంచి సామాను చేత్తో మోసుకెళ్ళాలో తడుముకోకుండా చెబుతాడు. వాటిలో ఒక్క ఊరూ చూడలేదు. చూడాలని పెద్దగా అనిపించనూ లేదు. కానీ ఈసారి మహాసభ థెస్సలొనీకలో. దానికి ముందు రెండు రోజులు ఫిలిప్పీ, బెరయ తిప్పి చూపిస్తారు. రాజోలు దగ్గర వాళ్ళ ఊరి చర్చిలో నాన్న బైబిలు మీద వేలు పెట్టి చదివించిన పేర్లవి. ఆ ఊళ్ళు ఇంకా ఉన్నాయనీ, వాటికి బస్సులు వెళతాయనీ ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

ఇరవై గదులు తీసుకుంటే, వైద్యుల వెంట వెళ్ళే మనిషికి ఇంకో గది ఉచితం. దానికోసం హోటలువాళ్ళతో ఎనిమిది నెలలు ఉత్తరాలు నడిపాడు. "ఈసారి నువ్వే పో పాల్‌రాజూ" అని మేనేజరు నూర్ మహమ్మద్ తనంతట తనే అన్నాడు.

పదింటికి వీసాలు పడిన పాస్‌పోర్టులు వచ్చాయి. నాలుగింటికి విమానాశ్రయానికి బస్సు. వైద్యులు ఇరవైమంది, తను ఒకడు. బల్లమీద పేర్చి చూస్తే ఇరవై రెండున్నాయి. మళ్ళీ లెక్కపెట్టాడు. తన దాంట్లో వీసా ఉంది. అన్నిటికన్నా అడుగున ఉన్నది తెరిస్తే రాబిన్ ఫోటో, పక్కన అలాంటి వీసాయే.

రాబిన్ అతని బావమరిది. మూడేళ్ళ కిందట తనే రప్పించి, ఇదే ఆఫీసులో పెట్టించి, మంగఫ్‌లో తన ఇంట్లోనే ఉంచుకున్నాడు.

నూర్ మహమ్మద్ రాయచోటి మనిషి. పాల్‌రాజు ఆ పాస్‌పోర్టు తెచ్చి ముందు పెడితే, తల ఎత్తకుండానే అన్నాడు.

"ఎవురిదన్నా ఒకటి రాకపోతే ఇబ్బందని ఇద్దరికీ వీసాకు పెట్టిస్తి."

"రెండూ వచ్చాయండి. గది ఒకటే."

"అదే చెప్తాండా. ఆడ పోయినాక గది బాలేదంటారు, ఏసీ లేదంటారు. ఈడ ఫోనెత్తి సర్దేదానికి నువ్వుండల్ల. వానికేం తెలుసు? వాణ్ణి ఈడ పెట్టుకోని నేనేం చేసేది?"

"పని తెలిసినోణ్ణి కాబట్టి నేనుండిపోవాలాండీ?"

"వచ్చే ఏడు చూస్తాం లేబ్బా. మధ్యాన్నం పన్నెండు లోపల హోటలుకు పేరు మార్చి పంపు. లేకుంటే ఆ గది పాయె."

పాల్‌రాజు తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. పంపకుండా ఊరుకుంటే ఆ గది ఎవరికీ దక్కదు. పన్నెండుకు పది నిమిషాలుందనగా హోటలుకు ఫోను చేశాడు.

"మీరు రావడం లేదా?" అని అవతల అమ్మాయి అడిగింది. "సముద్రం కనిపించే గది మీకని ఆపి ఉంచాను."

"వచ్చేవాడికే ఇవ్వండి" అని, రాబిన్ పేరు ఒక్కో అక్షరమే చెప్పి రాయించాడు.

మూడింటికి రాబిన్ కొత్త బూట్లతో వచ్చాడు. చేతిలో పాల్‌రాజు పెట్టె. దాని పిడికి, తన భార్య నిస్సీ జడకు పెట్టుకునే ఎర్ర రిబ్బను కట్టి ఉంది. 'వీసా రాకుండా పెట్టె సర్దితే అచ్చిరాదు' అని నాలుగు రోజులుగా తనను ఆపింది నిస్సీయే. ఇవాళ తను నర్సుగా చేసే క్లినిక్కుకు సెలవు కూడా పెట్టింది.

"అలా చూడకు బావా. చెప్దామనే అనుకున్నాను."

"ఎప్పుడు? విమానమెక్కాకా?"

"అక్క తను చెప్తానంది." రాబిన్ ఆగాడు. "చెప్పలేదా?"

పాల్‌రాజు జాబితా మడతపెట్టాడు.

మహాసభవాళ్ళకు ఇవ్వాల్సిన ఖర్జూరం డబ్బాలు పెట్టెలో పట్టలేదు. రాబిన్ కూర్చుని పైనున్నవి కొన్ని తీసి, కుక్కి, మోకాలితో అదిమి మూశాడు. లేచి, కిందికే చూస్తూ అడిగాడు.

"బెరయలో ఏం చూడాలంటావు బావా?"

"పన్నెండో గదాయనకి మోకాళ్ళ నొప్పి" అన్నాడు పాల్‌రాజు. "తొట్టి లేని గదే ఇచ్చారో లేదో వెళ్ళగానే చూడు. ముందు అది చూడు."

కిందికి దిగి పేర్లు పిలిచి, ఇరవైమందినీ బస్సెక్కించాడు. రాబిన్ కిటికీలోంచి చెయ్యి ఎత్తాడు. బస్సు మలుపు తిరిగేదాకా పాల్‌రాజు ఎండలో నిలబడ్డాడు. జేబులో ఫోను మోగింది. నిస్సీ. మోగి మోగి ఆగిపోయాక మెట్లెక్కాడు.

రాబిన్ కుర్చీలో, పెట్టెలోంచి తీసేసిన గోంగూర పచ్చడి సీసా ఉంది. నూనె కారకుండా దాని మూతకు ఆస్పత్రిలో కట్లకు వేసే తెల్లటేపు మూడు చుట్లు, అంచులు ఎక్కడా లేవకుండా, శ్రద్ధగా చుట్టి ఉంది.