రాయి మలుపు కింది కొమ్మ

అనంతగిరి ఘాట్ నేను సైకిల్ మీద దిగుతుంటే నా నీడ నన్ను అందుకోలేకపోయేది. కింద బీరమ్మ గుడిసె దగ్గర ఆగి, కుండలో నీళ్ళు రెండు చెంబులు తాగి, బీడీ ముట్టించాక అప్పుడు వచ్చేది రొప్పుకుంటూ. "ఇంత సేపా?" అని దాన్ని మందలించి, వెంటేసుకుని ధారూర్ పోయేవాణ్ణి. ఇంకోసారి తాండూర్ పోయే రైలును వెనకేశాను. డ్రైవర్ తల బయట పెట్టి, "జర ఆగరాదు, నేను గూడ వస్త" అని బతిమాలాడు.

ఇవన్నీ నేను చెప్పిన మాటలే. విన్నవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఒక్కడు మాత్రం నవ్వుతూనే నమ్మాడు. వాడు మత్తయ్య.

ధారూర్ నుంచి వికారాబాద్‌కు వారానికి మూడుసార్లు సైకిళ్ళ మీద గుడ్లు, కోళ్ళు, కాలం వస్తే సీతాఫలాలు మోసేవాళ్ళం ఏడెనిమిది మందిమి. అందరిలో పెద్దవాణ్ణి నేను, చిన్నవాడు మత్తయ్య. పొద్దున పోయేటప్పుడు ఘాట్ ఎక్కాలి. అప్పుడు సైకిల్ మనల్ని మోయదు, మనమే దాన్ని మోయాలి. తిరిగి వచ్చేటప్పుడు ఉప్పు బస్తా, కిరసనాయిలు డబ్బా కట్టుకుని దిగాలి. కంకర రోడ్డు, మూడు మలుపులు, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. బ్రేకు రబ్బర్లు పదిహేను రోజులకే అరిగిపోయి ఇనుము మీద ఇనుము ఏడ్చేది.

అందుకని కొమ్మ కట్టేవాళ్ళం. దిగుడు మొదలయ్యే చోట మనిషంత పొడుగు కొమ్మ ఒకటి విరిచి, తాడుతో వెనక క్యారియర్‌కు బిగించి ఈడ్చుకుంటూ దిగడం. ఆకులూ రెమ్మలూ కంకరను పట్టుకుంటే సైకిల్ మెడ వంచి నడిచేది. కింద, దారి చదునయ్యే చోట మేకల బీరమ్మ గుడిసె. అక్కడ కొమ్మ విప్పి ఆమె ముందర పడేసి, నీళ్ళు తాగి పోవాలి. ఆకు ఆమె మేకలకు, కర్ర ఆమె పొయ్యికి. ఎవరు పెట్టారో తెలియదు గానీ ఆ ఆనవాయితీని ఎవరూ తప్పలేదు, నేను తప్ప.

"నీ కొమ్మేదయ్యా అనంతయ్యా?" అనేది బీరమ్మ.

"కొమ్మ కట్టుకునేది పిల్లగాండ్లు, వదినె. నాకెందుకు?"

"అయితే నీల్లు గూడ వాల్లకే పోస్త. నీ నీడను తాగుమను."

చెప్పేస్తాను, ఇప్పుడు దాచి ఏం లాభం. నేను కొమ్మ లేకుండా ఆ ఘాట్ ఒక్కనాడూ దిగలేదు. "మీరు నడువుండ్రి, బీడీ తాగి మిమ్మల్ని అందుకుంట" అని అందరినీ ముందు పంపేవాణ్ణి. వాళ్ళు మలుపు తిరగ్గానే అందరికంటే పెద్ద కొమ్మ విరిచేవాణ్ణి. ఆఖరిది రాయి మలుపు. ఏనుగంత బండ ఒకటి అక్కడ లోయ వైపు నిలబడి ఉంటుంది. అది దాటాక తాడు విప్పి, కొమ్మను పొద చాటుకు తోసి, మిగిలిన కాస్త దూరం ఉత్త చేతులతో, నోట్లో బీడీతో, రాజులాగ దిగేవాణ్ణి. కింద నీళ్ళు తాగుతున్నవాళ్ళంతా లేచి నిలబడి చూసేవాళ్ళు. ఆ చూపు కోసమే ఇదంతా.

యాభై ఏడులో, ఎండాకాలం. మత్తయ్య భార్య మార్తకు ఆడపిల్ల పుట్టి అయిదు రోజులైంది. మూడో రోజు నుంచి ఒళ్ళు కాలిపోయే జ్వరం, మనిషిని గుర్తుపట్టని మాటలు. ధారూర్ కంపౌండర్ చీటీ రాసిచ్చి, "గీ సూదిమందు వికారాబాద్‌ల దొరుకుతది. మంచుగడ్డల పెట్టుకొని తేవాలె. మంచు కరిగితే మందు నీల్లే. ఇయ్యాల పొద్దుగూకక ముందే పడాలె, లేకుంటే నాతోని గాదు" అన్నాడు. పొద్దుటి రైలు పోయింది, మళ్ళీ రైలు చీకటి పడ్డాకే. మత్తయ్య సైకిల్ తీశాడు. తోడుగా నేనూ పోయాను.

మందు దొరికింది. సోడాల దుకాణంలో మంచుగడ్డ కొట్టించి, రంపపు పొట్టులో చుట్టి, మూత ఉన్న పాల డబ్బాలో పెట్టి, మధ్యలో సీసా దింపాం. మత్తయ్య డబ్బాను తువ్వాలతో కడుపుకు కట్టుకున్నాడు. ఘాట్ మీదికి చేరేసరికి డబ్బా అడుగు నుంచి వాడి పంచె మీదికి చుక్కచుక్క నీళ్ళు కారుతున్నాయి. వాడు వేలితో ఆ తడి ముట్టుకుని చూసుకున్నాడు.

దిగుడు దగ్గర నేను ఆగాను. వాడు ఆగలేదు, ఒక కాలు నేలకు ఆనించాడంతే.

"కొమ్మ కట్టుకో, అల్లుడా."

"కొమ్మతోని అర్ధగంట పడుతది. నువ్వు దిగినట్ల దిగుత, మామా."

"నీకు అలవాటు లేదు గద."

"నీకు మాత్రం మొదటి రోజే అలవాటు ఉండెనా? చెప్పు, రాయి మలుపు కాడ ఎట్ల చేస్తవు?"

నిజం నోటి దాకా వచ్చింది. ఒక్క మాట. 'నేనెన్నడూ దిగలేదురా.' చుట్టూ ఎవరూ లేరు, అడవి తప్ప. అయినా నా నోరు ఏళ్ళ తరబడి ఒకే దారిన నడిచిన ఎద్దులాంటిది. ఆ దారినే పోయింది.

"కొండ దిక్కు ఒరుగు. బ్రేకు వట్టకు, వట్టినవంటె జారుతది. బండను చూడకు, దాని అవతల తొవ్వను చూడు" అన్నాను. ఎంత నిబ్బరంగా అన్నానంటే నాకే నిజమనిపించింది. ఆపైన నవ్వి, "నీ నీడ వెనకబడితే నేను తోలుకొస్త తియ్" అన్నాను.

వాడూ నవ్వాడు. మూడు రోజుల తరవాత అదే వాడి మొదటి నవ్వు. పెడల్ తొక్కి వదిలాడు. సైకిల్ చప్పుడు మలుపు తిరిగింది.

నేను సైకిల్ చెట్టుకు ఆనించి కొమ్మ విరిచాను.

దిగుతూ మొదటి మలుపు దాటాను, రెండోది దాటాను. చక్రాల గీత నేరుగా, అందంగా ఉంది. 'దిగిండు, పోరడు నిజంగనే దిగిండు' అనుకున్నాను. దేవుడు సాక్షిగా చెబుతున్నాను, నాకు కొంచెం అసూయ కూడా కలిగింది. రాయి మలుపు దగ్గర గీత కొండ దిక్కు ఒరిగి, కంకరలో చెదిరి, బండ మీదికి పోయింది.

బండకు అవతల, లోయ అంచున చెట్టు మొదట్లో పడి ఉన్నాడు. నడుము కింద మనిషి తిరగకూడని వైపు తిరిగి ఉంది. రెండు చేతులూ డబ్బా చుట్టూ ఉన్నాయి. డబ్బా సొట్ట పడింది గానీ మూత ఊడలేదు.

"మామా, మంచు?"

మూత తీసి చూశాను. రేగుపండంత గడ్డలు రెండు మూడు. సీసా పగల్లేదు.

"ఉన్నదిరా. మస్తున్నది."

వాడి కళ్ళు నన్ను దాటి రోడ్డు మీదికి పోయాయి. అక్కడ నా సైకిల్ పడి ఉంది, వెనక తాడు, తాడుకు కొమ్మ, పచ్చిగా.

"గా కొమ్మ ఎవలది, మామా?"

ఎన్నో కోతలు కోశాను బతుకంతా. అంత తొందరగా ఎన్నడూ నా నోట అబద్ధం రాలేదు.

"నీకోసమే తెచ్చిన. మల్ల అవసరం వడుతదేమోనని."

"గట్లనా" అన్నాడు. నమ్మాడు. "నువ్వు పో. మార్తకు మందు... పో మామా."

పోయాను. మిగిలింది కొంచెం దిగుడే, రోజూ ఉత్త చేతులతో దిగేదే. అయినా ఆ రోజు తాడు విప్పడానికి చేతులు రాలేదు. కొమ్మను ఈడ్చుకుంటూ బీరమ్మ ముందుకు వచ్చాను. ఆమె కొమ్మను చూసింది, నా కడుపుకు కట్టిన డబ్బాను చూసింది.

"ఎవలు పడ్డరు?"

"మత్తయ్య. రాయి మలుపు కాడ. పానమున్నది."

నీళ్ళ చెంబు పట్టుకుని ఆమె పైకి ఉరికింది. నేను కొమ్మ తెంపేసి ధారూర్‌కు తొక్కాను. కంపౌండర్ డబ్బా మూత తీస్తే చింతగింజంత మంచు మిగిలి ఉంది. "బతికిచ్చినవు పో" అన్నాడు నాతో. మార్త బతికింది.

బండి కట్టించుకుని మనుషులతో తిరిగి వచ్చేసరికి ఇంకా పొద్దు గూకలేదు. మత్తయ్య తల బీరమ్మ ఒడిలో ఉంది, ఊపిరి ఆగిపోయింది. ఆమె కొంగుతో ఈగలు తోలుతోంది. నన్ను చూసి మెల్లగా అంది:

"గా పొద చాటున రోజూ నీ కొమ్మ నాకే దొరికేది, అనంతయ్యా. అందరి కొమ్మల కంటె నీదే పెద్దది. నవ్వుకుంటి. ముసలోని సంబురం పోనీ అని ఎవలకు చెప్పకపోతి." కొంగు దించి, "గీ పిలగానికన్న నేను చెప్పుంటె బాగుండు" అంది.

నేను వంగి, బండిలోకి ఎత్తడానికి వాడి కాళ్ళు పట్టుకున్నాను.

మార్త లేచి కూర్చునే దాకా ఆగి, ఒకనాడు వాళ్ళ ఇంటికి పోయాను. పిల్ల ఆమె ఒడిలో నిద్రపోతోంది. నేను నోరు తెరిచేలోపలే ఆమె అంది, "నువ్వు కొమ్మ లేకుండ దిగుతవని ఆయన ఎప్పుడు చెప్పేది, మామా. నేర్చుకోవాలె అనేది."

"నేను ఎన్నడు దిగలేదు, బిడ్డా" అన్నాను. పొద చాటు సంగతి చెప్పాను. బీడీ సంగతి చెప్పాను. బండ దగ్గర కొమ్మ ఎవరిదని వాడు అడిగిందీ, నేను అన్నదీ చెప్పాను. నా బతుకులో కలపకుండా చెప్పిన మొదటి మాట అదే.

ఆమె నా ముఖంలోకి చూసి తల అడ్డంగా ఊపింది. "నా మొగనికి చాత గాలేదని నేను బాధపడ్తనేమోనని గిట్ల చెప్తున్నవు. నువ్వు దిగంగ ఊరంత చూసింది గద."

"బీరమ్మను అడుగు."

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి నుంచి వస్తూ ఆమె పిల్లను చంకన వేసుకుని బీరమ్మ గుడిసె దాకా నడిచిందని విన్నాను. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాతో ఎవరూ చెప్పలేదు.

అప్పటి నుంచి ఘాట్ దిగాక నేను కొమ్మ విప్పను. బీరమ్మ గుడిసె దాటి, చదును రోడ్డు మీద, ధారూర్ బజారు మధ్యలోంచి ఈడ్చుకుంటూ పోయి మార్త ఇంటి ముందర విప్పుతాను. పోరగాళ్ళు వెంట పడతారు.

"తాతా, ఇక్కడ దిగుడు ఏడున్నదే?"

"నా సైకిల్ సంగతి మీకేం ఎరుక? కొమ్మ ఇప్పితే తాండూర్ దాటి కాగ్నా నది మీదికెల్లి ఎగిరిపోతది" అంటాను. నవ్వుతారు. నవ్వనీ.

పొయ్యిలోకి పనికొస్తుందనే వేస్తాను. మార్త గుమ్మంలో నిలబడి చూస్తుంది. తెమ్మని అనదు, వద్దనీ అనదు. ఆమె వంట పిడకల మీదే. కొమ్మలన్నీ గోడ పక్కన ఎండి, ఆకు రాలి, ఒకదాని మీద ఒకటి కిటికీ ఎత్తుకు లేచాయి. ఒక్కటి కూడా ఆమె కాల్చలేదు.