కిటికీ దగ్గర మనిషి

ఆ చిత్రంలో మనిషి ఉంది.

నిరుపమా లాహిరి తల కొంచెం పక్కకు తిప్పి, కంటి అంచుతో మళ్లీ చూసింది. పసుపు గోడ. సగం తెరిచిన తలుపు. ఆకుపచ్చ రెక్కల కిటికీ. ఆ కిటికీ దగ్గర ఒక స్త్రీ. ఎర్ర అంచు తెల్లచీర, తలమీద కొంగు. కుడిచెయ్యి కిటికీ చువ్వ మీద ఆనించి బయటికి చూస్తోంది.

"ఎవరమ్మా నువ్వు?" అంది నిరుపమ బెంగాలీలో, ఎవరూ వినకుండా.

హైటెక్ సిటీలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ లాబీ అది. చుట్టూ అద్దాలు, అద్దాల అవతల మళ్లీ అద్దాల భవనాలు. కంపెనీ యజమాని రామ్మోహనరావు ఆమె మాట కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తను కొన్న చిత్రం అసలుదో నకిలీదో నిరుపమ తేలిస్తే శుక్రవారం విదేశీ అతిథుల ముందు ముసుగు తీయాలని ఆయన ఆశ.

తేల్చగలిగేది ఆమె ఒక్కతే. ఆ చిత్రం వేసిన నళినీకాంత పాక్రాశీ నిజాం రోజుల్లో కలకత్తా నుంచి హైదరాబాద్‌కు డ్రాయింగు మాస్టారుగా వచ్చాడు. ఇక్కడే భార్యను పోగొట్టుకున్నాడు. అనామకంగా పోయాడు. ఆయన బొమ్మ ఒకటి చూసి, మిగతావాటి కోసం నిరుపమ కృష్ణానగర్ నుంచి ఈ ఊరొచ్చింది. యూనివర్సిటీలో కళాచరిత్ర పాఠాలు చెబుతూ, సెలవు దొరికితే చాలు పాత హవేలీల్లో బీరువాల వెనకా, పాత సామాన్ల దుకాణాల్లో సైకిలు ట్యూబుల కిందా వెతికింది. యవ్వనం అందులోనే గడిచింది, పెళ్లి ఆలోచన రానేలేదు. నకిలీలు అమ్మేవాళ్లు ఆమెకు కాళి అని పేరు పెట్టారు. ఆమె వస్తోందని తెలిస్తే బొమ్మలు గోడవైపు తిప్పేసేవాళ్లట.

ఆమె పుస్తకంలో మొదటి వాక్యం ఇదే: భార్య పోయాక పాక్రాశీ మనిషిని గీయలేదు. గదులు, అరుగులు, తలుపులు. అన్నీ ఖాళీ. లోకమంతా ఆ మాట ఒప్పుకుంది.

"రామ్మోహనరావు గారూ, నా పుస్తకం తప్పు," అంది నిరుపమ. గొంతులో కోపం లేదు, నవ్వుంది. "ఆయన తన భార్యను గీశాడు. ఈ ఒక్క బొమ్మలో. ఇదిగో, కుడిచెయ్యి చువ్వ మీద పెట్టుకుని నిలబడింది చూడండి."

రామ్మోహనరావు బొమ్మను చూశాడు. ఆమెను చూశాడు. మళ్లీ బొమ్మను చూశాడు.

"మీ గురించి విన్నాను గానీ ఇంతని అనుకోలేదండీ," అన్నాడు చివరికి. "మీది మామూలు కన్ను కాదు మేడమ్."

పొగడ్త అనుకుందామె.

తిరుగు దారిలో ప్రిస్కిల్లా నోరు విప్పలేదు. తెనాలి వైపు నర్సు. నిరుపమకు చెయ్యందించి నడిపించేది, చదివి వినిపించేది ఆ అమ్మాయే. కొండాపూర్ సిగ్నల్ దగ్గర కారు ఆగింది.

"మాట్లాడవేం?"

"ఒకటి చెప్తే తిట్టరు కదండీ?"

"తిడతాను. చెప్పు."

"ఆ బొమ్మలో ఎవరూ లేరండీ."

పచ్చలైటు పడింది. వెనకవాళ్లు హారన్ కొట్టారు.

"కిటికీ దగ్గర?"

"కిటికీ ఖాళీ మేడమ్. ఆకుపచ్చ రెక్కలు, చువ్వలు, అంతే. రామ్మోహనరావు గారు కూడా తెల్లమొహం వేశారు."

నిరుపమ సీటుకు తల ఆనించింది. రెండు కళ్లలోనూ చూపు నడిభాగం పోయి రెండేళ్లు దాటింది. ఎదుటివాళ్ల ముఖం ఉండాల్సిన చోట మసక. అంచుల్లో మాత్రం రంగులు, ఆకారాలు. ఆ మసకలోకి మనుషులు రావడం తర్వాత మొదలైంది. బాల్కనీలో తలపాగాల వాళ్లు బారులు తీరి నిలబడేవాళ్లు. వంటింట్లో చిన్నపిల్లలు దీపాలు పట్టుకుని తిరిగేవాళ్లు. మాట్లాడేవాళ్లు కాదు. పలకరిస్తే పోయేవాళ్లూ కాదు. "ఇది పిచ్చి కాదమ్మా. కన్ను పంపడం మానేస్తే మెదడు సొంతంగా బొమ్మలు వేసుకుంటుంది," అన్నాడు డాక్టరు. ఆ సంగతి ఆయనకూ ప్రిస్కిల్లాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. తెలిస్తే ఆమె మాటకు విలువుండదు.

వచ్చే ఆ మనుషులకు ఒక పద్ధతి ఉండేది. గోడల మీద, గుమ్మాల్లో, నడిరోడ్డు మీద కనిపించేవాళ్లు. చిత్రం చట్రంలోకి మాత్రం ఒక్కనాడూ రాలేదు. ఆ ధైర్యంతోనే, ప్రిస్కిల్లా వర్ణించి చెబితే విని, అంచు చూపుతో సరిచూసుకుని, తీర్పులు చెబుతూ వచ్చింది. ఆ పిల్ల ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. వంకాయ రంగంటే వంకాయ రంగే. ఇవాళ ఆ పిల్లను అడక్కుండా నిరుపమ నోరు జారింది.

పరువు పోతుందన్న భయం ఉంది, కానీ అది రెండోది. మొదటిది పాక్రాశీ. ఆయన బతుకంతా ఖాళీగా వదిలేసిన ఇంట్లోకి తను ఒక మనిషిని పంపింది. తన సంతకం పడితే ఆ మనిషి ఇక బయటికి రాదు. రేపు వచ్చేవాళ్లు ఆమె మీద పుస్తకాలు రాస్తారు.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది.

"అక్కడ స్త్రీ లేదు రామ్మోహనరావు గారూ. నేను పొరబడ్డాను."

అవతల నవ్వు. "భలేవారే. మొదట నాకూ కనబడలేదండీ, అబద్ధం ఎందుకు చెప్పాలి? మీరు వెళ్లాక కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు కనిపించింది. ఇప్పుడు మా స్టాఫంతా అక్కడే. మీరే చూపించి మీరే లేదంటే ఎలాగండీ? రిపోర్టు టైపు చేయించాను. సంతకం ఒక్కటే తరువాయి."

నిరుపమ చెప్పులు వేసుకుంది.

భోజనాల వేళ. లాబీలో మెడలో ఐడీ కార్డులు వేసుకున్న పిల్లలు గుంపు కట్టారు.

"కనిపిస్తలేదు ఆకాష్."

"జర పక్కకు జరిగి చూడు. కొంగు కనిపిస్తలేదా?"

"ఏం కొంగు? ఉత్త కిటికీ."

"నీకు ఇంక్రిమెంట్ కూడా కనిపించలే. అది లేదంటవా?"

"అది నిజంగనే లేదు కదరా."

నవ్వారు. ఆ నవ్వు చివరిదాకా రాకుండానే ఆగిపోయింది. కాసేపటికి ఆ రెండోవాడు గొంతు తగ్గించి, "అరే, ఉన్నది," అన్నాడు.

నేల తుడిచే యాదమ్మ బకెట్ పట్టుకుని దూరంగా నిలబడింది. నిరుపమను చూసి దగ్గరకొచ్చింది. "నాకు నిన్ననే కనవడ్డది మేడమ్. అద్దం తుడుస్తుంటె నా దిక్కే చూస్తున్నది. ఇగ నేనొక్కదాన్ని ఈడ తుడవనని సూపర్‌వైజర్‌కు చెప్పిన."

"ఆమె ఏ చెయ్యి చువ్వ మీద పెట్టింది?" అని అడిగింది నిరుపమ.

"ఎడమ చెయ్యి."

"ఎడమదే మేడమ్," అన్నాడు ఆకాష్. "కుడిచెయ్యి కిందికి దించింది."

ఎవరూ కాదనలేదు. తను చూసింది కుడిచెయ్యి. తను చెప్పిందీ కుడిచెయ్యే. తన దగ్గర విన్నదే తిరిగి చెబుతున్నారంటే ఒక అర్థముంది. మరి ఈ ఎడమచెయ్యి ఎవరు చెప్పారు?

ఆమె గుంపు వైపు తిరిగి గొంతు పెంచింది. క్లాసులో చివరి బెంచీకి వినిపించేలా మాట్లాడే అలవాటు ఇంకా పోలేదు.

"నాకు చూపు లేదు. రెండేళ్లుగా లేదు. లేని మనుషులు నాకు కనిపిస్తారు. అది జబ్బు. నిన్న నా జబ్బును మీకు బొమ్మ అని చూపించాను. ఆ కిటికీ ఖాళీ."

రామ్మోహనరావు మెల్లగా ముందుకొచ్చాడు. "మేడమ్ బాగా అలిసిపోయారు. కుర్చీ వెయ్యండయ్యా."

నిరుపమ చిత్రం వైపు తిరిగి, తల పక్కకు వంచి చూసింది. పసుపు గోడ. సగం తెరిచిన తలుపు. కిటికీలో తెల్లని వెలుగు. ఎవరూ లేరు. ఆ స్త్రీ వెళ్లిపోయింది. నిరుపమ గుండెల మీంచి బరువు దిగింది.

"ప్రిస్కిల్లా, నువ్వు చెప్పు వీళ్లకు. ఏముందక్కడ?"

"గోడ ఉందండీ. పసుప్పచ్చ. తలుపు సగం తీసుంది."

"కిటికీ?"

మోచెయ్యి పట్టుకున్న వేళ్లు బిగిశాయి.

"ప్రిస్కిల్లా, కిటికీ సంగతి అడుగుతున్నాను."

"నిన్న లేదండీ," అంది ప్రిస్కిల్లా. "ప్రభువు తోడు మేడమ్, నిన్న లేదు."

రామ్మోహనరావు రిపోర్టునూ పెన్నునూ నిరుపమ చేతిలో పెట్టాడు, ఇక ఇబ్బంది ఏముందన్నట్టు. ఆమె ఆ కాగితాన్ని అంచు నుంచి అంచుకు తడిమి చూసుకుంది. కిటికీ ఖాళీ అని రాద్దామని వచ్చింది. ఇప్పుడు అది రాయాలన్నా సాక్ష్యం లేదు. తన కళ్లు చెల్లవు. చెల్లే కళ్లు నిన్నటిదాకా పక్కనే ఉన్నాయి.

అచ్చు అక్షరాల మీదుగా, బొటనవేలంత పెద్ద అక్షరాలతో రాసింది: నాకు చూపు లేదు. ఈ చిత్రం గురించి, ఇక ఏ చిత్రం గురించీ, నా మాట చెల్లదు. సంతకం చేసింది.

"ఇది నేను వాడుకోలేనండీ," అన్నాడు రామ్మోహనరావు, చదివి.

"తెలుసు. పత్రికలకు నేనే పంపుతాను."

దారి ఇచ్చారు. ఎవరో నమస్కారం పెట్టారు, ఎవరో ఆమెకు తెలియలేదు. ఒక బతుకు పని పూర్తయింది, ఒక్క వాక్యంతో. అడుగు అడుగుకీ మోచెయ్యి వెనక్కి లాగినట్టవుతోంది. ప్రిస్కిల్లా మెడ తిప్పి చూస్తూ నడుస్తోంది.

"ముందుకు చూడు, పిల్లా. ఇద్దరం పడతాం."

"చూస్తున్నానండీ."

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఎదురుగా మసక, ఆ మసక చుట్టూ ఉక్కు గోడల మెరుపు.

"లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది నిరుపమ. లిఫ్ట్ ఎక్కేముందు రోజూ అడిగే మాటే.

ప్రిస్కిల్లా లోపలికి తొంగి చూసి, "మీకు ఎవరైనా కనిపిస్తున్నారా మేడమ్?" అంది.