వేదిక మీది గుసగుస

మా మిల్లు పెద్దక్క చేతిలోంచి సభ గుమాస్తా మైకు లాక్కున్నాడు. ఆమె అడిగింది ఒక్కటే: "నాకు యాభై తొమ్మిది. వచ్చే ఏడు పింఛను తీసుకుని ఇంట్లో కూర్చుందామనుకున్నా. ఇంకో ఐదేళ్లు మగ్గం ముందు నిలబడమంటున్నారు. దూది దుమ్ము తిన్న ఈ ఊపిరితో ఎలా నిలబడాలయ్యా?"

"సొంత గోడు వద్దమ్మా, విధానం గురించి మాట్లాడు. నీ నిమిషం అయిపోయింది," అన్నాడు గుమాస్తా.

దీనికి ప్రజాభిప్రాయ సేకరణ అని పేరు! పింఛను వయసు అరవై నుంచి అరవై ఐదుకు పెంచే బిల్లు మీద చర్చట. సర్కారు నిపుణుడికి గంటన్నర, మాకు తలా ఒక నిమిషం. ఆయనగారు తెర మీద గీతలు చూపించి మనుషుల ఆయుష్షు పెరిగిందన్నాడు. ఎవరిదయ్యా అంటే "సగటున" అన్నాడు. ఒంటికి చెమట పట్టని బతుకు. వాడికి ఎనభై వచ్చినా ఆ కుర్చీ వదలడు.

మేం మిల్లు నేతగాళ్లం. మరమగ్గాల మోతలో గొంతు పనికిరాదు. చేరిన ఆరు నెలలకే పెదాలు చూసి మాట పట్టడం వచ్చేస్తుంది, ఇరవై ఏళ్లకు చెవులు పోతాయి. షెడ్డు ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు నిలబడి వేళాకోళాలాడుకుంటాం. ఈ సంగతి ఆ పెద్దమనుషులకు తెలియదు. మా గురించి తెలుసుకునే అవసరం వాళ్లకెప్పుడొచ్చింది గనక!

అధ్యక్షుడు మైకు కట్టేసి నిపుణుడి వైపు వంగాడు. నిపుణుడు నవ్వుతూ ఏదో అన్నాడు. హాల్లో మూడు వందల మందిమి బిగుసుకుపోయాం.

పెద్దక్క లేచింది.

"ఏమన్నావయ్యా? 'వీళ్లలో సగం మంది అరవై ఐదు చూడరు, మనకు కలిసొచ్చేది అదే' అన్నావు కదూ? మైకులో అను!"

నిపుణుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేనలా అనలేదే!"

"అన్నావ్! నేనూ చూశా!" అని అరిచాడు మా షెడ్డు మేస్త్రీ. "నేనూ!" "నేనూ!"

రంగుల షెడ్డువాడు కుర్చీ ఎత్తాడు. "వీడి పళ్లు రాలగొడతా!"

"పళ్లు రాలితే జవాబెలా చెప్తాడురా? కూర్చో," అంది పెద్దక్క. "అయ్యా, మా మిల్లులో పింఛను ఎంతమంది అందుకున్నారు? అందుకున్నాక ఎన్నేళ్లు బతికారు?"

"ఆ వివరాలు... విడిగా సేకరించలేదు."

"తెలుసుకోకుండానే మా ఐదేళ్లు తీసేసుకుంటావా? సిగ్గులేదూ?"

అప్పుడు మొదలైంది అసలు చర్చ. రెండు గంటలు. "పింఛను నిధి నిజంగానే తరిగిపోతోంది, అరిస్తే నిండదు," అంది ఒక టీచరమ్మ. ఆమె నోరు మేం నొక్కలేదు, చివరిదాకా విన్నాం. "ఆ నిధికి యజమానులు ఎగ్గొట్టిన వాటా ముందు రాబట్టమనండి తల్లీ," అన్నాడు మేస్త్రీ. ఆమె ఆలోచనలో పడింది. వేదిక మీదివాళ్లు మాత్రం వాచీలు చూసుకున్నారు, ఆనక పోలీసులను పిలిచారు.

సభకు భంగం కలిగించిందని పెద్దక్కను వ్యానెక్కించారు. దగ్గుతూనే ఎక్కింది. ఇకపై ఈ బిల్లు మీద విచారణలు మూసిన గదుల్లోనే అని అధ్యక్షుడు ప్రకటించి, కారెక్కి పారిపోయాడు. పిరికి సన్నాసి!

మర్నాడు పొద్దున మిల్లు సైరన్ మోగింది. ఒక్క మగ్గమూ ఆడలేదు. ఆ రోజు విచారణ పక్క ఊళ్లో; ఆ హాలు ముందు అన్ని మిల్లులవాళ్లం నాలుగు వేల మందిమి నిలబడ్డాం. టీచరమ్మ కూడా వచ్చింది. లోపల గడియ పడింది.

మేస్త్రీ తలుపు మీద దబదబా బాదాడు.

"పెద్దక్కను విడిచిపెట్టమని పోలీసులకు చెప్పి బయటికి రండి. ఆమె ప్రశ్న ఇంకా అయిపోలేదు!"