ఫిల్టరు లేని అర

వ్యానులో ఏసీ ఫిల్టరు ఉండాల్సిన అరలో ఫిల్టరు లేదు.

డ్రైవరు మోకాళ్ళ మీద వంగి, టార్చి వేసి మళ్ళీ చూశాడు. పక్క సీటు ముందున్న సొరుగు ఖాళీ చేసి, రెండు వైపులా నొక్కి కిందికి వేలాడదీశాడు. దాని వెనక అరచెయ్యంత మూత. మూత వెనక చీకటి సందు. అందులో వేలికి తగిలింది రాతిపొడి ఒక్కటే. పిండిలా మెత్తగా, వేలెడు మందాన పేరుకుని ఉంది.

మూతకున్న కొక్కెం ఎప్పుడో విరిగినట్టుంది. దాన్ని పురికొసతో కట్టారు. రెండు మెలికలేసి, ఒక కొస లాగితే ఊడివచ్చే ముడి. ఆలోచించకుండానే అతని చెయ్యి ఆ కొస లాగింది. ముడి ఊడింది. ఊడిన తర్వాత చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పురికొసను చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

పద్దెనిమిదేళ్ళుగా అతను రాళ్ళ కోత షెడ్డులో వ్యాను నడుపుతున్నాడు. కోసిన పలకలు ఎక్కించుకోవాలి, కట్టుబడి జరిగే ఇళ్ళ దగ్గర దించాలి, ఖాళీ బండితో తిరిగి రావాలి. ఎవరినీ ఢీకొట్టలేదు. ఎవరి మెప్పూ పొందలేదు. రెండు సంబంధాలు వచ్చి, చూసి, పోయాయి. తల్లి పోయాక అక్క పెంచింది. అక్క మొగుడు ఈ పని ఇప్పించాడు. ఆ బావే పక్క సీటు మనిషి. పలకలు మోసేదీ, అవి కదలకుండా తాడు బిగించేదీ, దారి పొడుగునా వెక్కిరించేదీ అతనే.

షెడ్డు గేటు దాటగానే ఇద్దరూ అద్దాలు ఎత్తేసి ఫ్యాను నాలుగు మీద పెట్టేవాళ్ళు. "హమ్మయ్య, ఇక మనుషులు పీల్చే గాలి" అనేవాడు బావ. ఆరేళ్ళ కిందట ఎందుకో ఆ మాట అనడం మానేశాడు. డ్రైవరు దాన్ని పట్టించుకోలేదు.

మూడు నెలలుగా బావ మంచం మీద ఉన్నాడు. ఊపిరితిత్తుల నిండా రాతిపొడేనని ఎక్స్‌రే పైకెత్తి చూపించాడు డాక్టరు. దాన్ని బయటికి తీసే మందు లేదన్నాడు. అయినా మొన్న బావ అన్నాడు: "గురువారం బండెక్కుతానురా. పలకల జోలికి పోను, ఊరికే కూర్చుంటా. మీ అక్క మొహం చూసి చూసి మొహం మొత్తింది."

కూర్చున్నంతసేపైనా మంచిగాలి ఉండాలని ఈ సోమవారం పొద్దున్నే కొత్త ఫిల్టరు కొన్నాడు డ్రైవరు. ఎలా మార్చాలో ఫోన్‌లో రెండుసార్లు చూసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ సొరుగు తను విప్పడం ఇదే మొదలు. అది మెకానిక్ పని.

మెకానిక్‌ను షెడ్డులో అందరూ చెవి మేస్త్రి అంటారు. ఏ ఇంజనుకైనా ముందు చెవి ఆనించి గానీ స్పానరు పట్టడు. డ్రైవరు నేరుగా అతని దగ్గరికే వెళ్ళాడు.

"మేస్త్రీ, నా బండి ఫిల్టరు ఏం చేశావ్?"

"ఏం చేస్తాను, వడియాలు పెట్టుకున్నాను. ఏమైందిరా?"

"అర ఖాళీగా ఉంది. ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ముంది అందులో. నీ మూలంగా మా బావ..."

మాట పూర్తి కాలేదు. దగ్గు వచ్చింది. వంగి, తొడల మీద చేతులు ఆనించి దగ్గాడు. చెవి మేస్త్రి అతని వీపుకేసి తల కాస్త వంచి విన్నాడు, ఇంజనును విన్నట్టే. మేస్త్రి నవ్వు ఆగిపోయింది.

"మీ బావే చెప్పాడు, ఆ సొరుగు ముట్టుకోకు, దాని సంగతి నేను చూసుకుంటానని. సర్వీసుకొచ్చిన ప్రతిసారీ అదే మాట. మూత దేనితో బిగించి ఉంది?"

డ్రైవరు పురికొస తీసి చూపించాడు. ముడి ఊడిపోయినా మెలికలు దారంలో అలాగే నిలిచి ఉన్నాయి.

"నేనైతే తీగ చుడతాను" అన్నాడు మేస్త్రి. "ఇది పలకలు కట్టే ముడి. నీకు తెలియదా?"

తెలుసు. లాగినప్పుడే తెలుసు. నింద వేయడానికి ఇంకెవరైనా దొరుకుతారేమోనని ఇక్కడిదాకా వచ్చాడు.

తిరిగి వెళ్ళి అరలో దుమ్మును చిన్న బ్రష్షుతో ఊడ్చాడు, తడిగుడ్డతో నాలుగుసార్లు తుడిచాడు. ఫిల్టరు మీద బాణం గుర్తు కిందికి ఉండేలా చూసుకుని లోపలికి తోశాడు. సరిగ్గా పట్టింది. మూత పెట్టి, అదే పురికొసతో, అదే ముడి వేశాడు. ఫ్యాను తిప్పితే ముందు బూడిదరంగు దుమ్ము ఎగిరి పక్క సీటు మీద పడింది. తర్వాత ఉత్త గాలి వచ్చింది. పని మొత్తం ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

సాయంత్రం బావ ఇంటికి వెళ్ళేసరికి అక్క గడపలో ఉంది.

"గురువారానికి ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించమంటున్నాడురా. చేయించనా?"

"చేయించక్కా."

బావ మూడు దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. మెడ దగ్గర చర్మం ప్రతి ఊపిరికీ లోపలికి పోతోంది. "ఏరా బావమరిదీ, చేతులకు ఆ మురికేంటి?" అన్నాడు.

"సొరుగు విప్పాను బావా."

బావ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, కళ్ళు మాత్రం గోడ వైపు తిరిగాయి.

ఇస్త్రీ చొక్కా బుధవారమే వచ్చింది. గురువారం పొద్దున అక్క కాఫీ పట్టుకెళ్ళేసరికి దాన్ని తొడుక్కునే మనిషి లేడు. కానీ ఆ సోమవారం సాయంత్రం, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ, బావ చెప్పింది ఇదీ:

"నేనే తీశానురా. ఆరేళ్ళ కిందటి వేసవిలో ఓ మధ్యాహ్నం నువ్వు స్టీరింగు మీద నిద్రతో తూలావు. బండి బడిగోడ దాకా పోయింది. నేనే తిప్పాను. గుంత తప్పించానని చెప్పాను, నమ్మేశావు. నిజం చెబితే నీ పని ఊడుతుందని భయం. ఫిల్టరు మూసుకుపోయి గాలి నీ దాకా వచ్చేది కాదు. షెడ్డులో కొత్తది అడిగితే వచ్చే నెల అన్నారు. తీసేశాను. గాలి మొహాన కొట్టింది, నువ్వు మళ్ళీ తూలలేదు. వానలు పడగానే పెట్టేద్దామనుకున్నాను. పడ్డాయి. రేపు పెడదాంలే అనుకున్నాను. నాకేమైనా ఫరవాలేదురా, పోయిన ఏడాది నువ్వు దగ్గడం మొదలెట్టావు చూడు, అప్పుడు చెప్పాల్సింది. నోరు రాలేదు. ఆ పాత ఫిల్టరు అటక మీద, పలకల తాళ్ళ సంచిలో ఉంది. దులిపి, కాగితం చుట్టి దాచాను."