తలుపులు తెరిచి గీసిన పేట

వరద వచ్చి వెళ్ళి ఎనిమిది నెలలైంది. నీళ్ళు పోయాయి గానీ, పేటలో ప్రతి గోడ మీదా మనిషి భుజమెత్తున మట్టిగీత మిగిలిపోయింది. ఎంత గీకినా వదల్లేదు. పేట కోలుకుంటోందని మాత్రం మున్సిపల్ ఆఫీసువాళ్ళు వచ్చినప్పుడల్లా అంటున్నారు. అన్నాక నలుగురికీ చూపించాలి కదా, అందుకని బ్రష్షుని పిలిపించారు. అతనికి వేరే పేరుంది. పేటలో సగం కొట్ల బోర్డులు అతను రాసినవే కాబట్టి, బ్రష్షు అంటేనే పలుకుతాడు.

"పేటలో మీకు బాగా నచ్చిన చోట్లన్నీ బొమ్మలేసి, కింద రెండేసి ముక్కలు రాయండి. కరపత్రం వేస్తాం. చూడ్డానికి జనం వస్తారు," అన్నాడు గుమాస్తా.

బ్రష్షు పొంగిపోయాడు. యాభై ఏళ్ళు నిండినా, పక్కవాడి కొట్టు పేరు తప్ప నీ మాట ఒకటి రాయమన్నవాళ్ళు లేరు. వారం రోజులు వేరే పని ముట్టకుండా సందులన్నీ కాళ్ళరిగేలా తిరిగాడు. వంతెన పక్కన సాయంత్రం ఎండ చివరిదాకా నిలిచే మూడు మెట్లు గీశాడు. సైకిళ్ళు బాగుచేసేవాడి గుమ్మంలో దొరసానిలా పడుకునే పిల్లిని గీశాడు. నోరు మూతపడదని పేటంతా 'రేడియో' అని పిలిచే మంగలి దుకాణం గీసి, "ఇక్కడ తల బరువు తగ్గుతుంది, చెవుల బరువు పెరుగుతుంది" అని రాశాడు. అన్నిటికన్నా పెద్దగా, మొదటి పేజీలో, తన అక్క కుట్టు కొట్టు గీశాడు.

అక్క కొట్టుకి కప్పు లేదు. వరదకి వెనకగోడ కూలి, రేకులు మిషను మీద పడ్డాయి. మిషను ఇంకా తిరుగుతుంది గానీ తిప్పేందుకు నీడ లేదు. షట్టరు దించి, తమ్ముడింట్లో వంటగది పక్కన చాప వేసుకుని ఉంటోంది. ఆఫీసు ఖర్చుతో బాగుచేసే కొట్ల జాబితాలో ఆమెది పదకొండో పేరు. వానలు పడేలోగా కప్పు వేస్తే సరి, లేదంటే మిగిలిన మూడు గోడలూ నేలపాలే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఒకరి దగ్గర ఒకరు ఎత్తరు.

ఇక్కడే వచ్చింది చిక్కు. బ్రష్షుకి పని నేర్పిన పెద్దాయన ఒకే ఒక్క విషయంలో పట్టుదల మనిషి. "కొట్టు బొమ్మ వేస్తే తలుపు తెరిచే వెయ్యాలిరా. మూసి వేశావో, ఆ యజమానికి చావుకబురు రాసిచ్చినట్టే," అనేవాడు. ముప్పై ఏళ్ళుగా బ్రష్షు ఆ మాట జవదాటలేదు. అక్క కొట్టు దగ్గరికొచ్చేసరికి చెయ్యి దానంతటదే షట్టరు ఎత్తేసింది. కప్పు మీద రేకులు పరిచింది. మిషను ముందు అక్కని కూర్చోబెట్టింది. "మా అక్క చెయ్యి పడితే చిరుగు కూడా అందంగా ఉంటుంది. వెళ్ళి చూడండి," అని రాసి కూడా పెట్టింది.

అచ్చయి వచ్చాక అక్క చూసి మూతి తిప్పింది. "ఏరా, ఇంత లావున్నానా నేను?"

"ఇంకా తగ్గించి వేశానే."

"నోర్ముయ్. అయినా ఆ కప్పెక్కడిదిరా?"

"ఎలాగూ వేస్తారుగా. నేను ముందు వేశానంతే."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టుకోబోయి మానేశాడు.

రెండు వారాల తర్వాత పొద్దున్నే రేడియో పరుగెత్తుకొచ్చాడు. ఎప్పుడూ నవ్వుతూ తిట్టేవాడు, ఆ రోజు నవ్వలేదు.

"ఒరే బ్రష్షూ, కొత్త జాబితా అంటించారు. నీ కరపత్రంలో ఉన్న కొట్టు ఒక్కటీ అందులో లేదు."

"అదేంటి?"

"నన్నడుగుతావేంట్రా! నేను సందులో కుర్చీ వేసుకుని గడ్డాలు గీస్తుంటే, నాకు అద్దాల మేడ కట్టావు. నా సంగతి వదిలెయ్. అక్కకేం చెప్తావు?"

బ్రష్షు ఉన్నపళాన ఆఫీసుకి వెళ్ళాడు. గుమాస్తా కరపత్రం తీసి బల్ల మీద పరిచాడు.

"తెరిచి ఉన్నట్టు వేసి, వెళ్ళి చూడండి అని మీరే రాశారు కదండీ?"

"అది బొమ్మండీ!"

"బొమ్మే. కింద మా ముద్ర ఉంది. ఇల్లిల్లూ తిరిగి చూసే మనుషులు మాకు లేరు. కోలుకున్నవి తీసేయమన్నారు, తీసేశాం."

"షట్టరు దించి మళ్ళీ గీసిస్తాను. ఈ రాత్రికే."

"మీ గీతలతో పడ్డ తిప్పలు చాలు స్వామీ." గుమాస్తా చెడ్డవాడు కాదు, సొరుగులోంచి అర్జీ కాగితం ఒకటి తీసిచ్చాడు. "ఒక పని చేయండి. కొట్టు మూసే ఉందని అక్కగారి చేత అర్జీ పెట్టించండి. పైవాళ్ళు నమ్మితే నమ్ముతారు. అక్కడ సూది కదిలినట్టు తెలిసిందా, ఇక నేను కూడా ఏం చేయలేను."

అర్జీ కాగితం జేబులో పెట్టుకుని బ్రష్షు ఇంటికి పరుగుతీశాడు. ఇంట్లో అక్క లేదు. కొట్టు సందు మలుపు తిరగ్గానే కాళ్ళు ఆగిపోయాయి.

షట్టరు ఎత్తి ఉంది. కరపత్రాలు చేతబట్టుకుని పేట చూడ్డానికొచ్చిన ఆరేడుగురు గుమ్మం ముందు గుమిగూడారు. వాళ్ళ వెనక మెడలో ఆఫీసు బిళ్ళ వేసుకున్న ఫొటోగ్రాఫరు. లోపల, కప్పు లేని చోట, స్టూలు మీద కూర్చుని అక్క ఎవరిదో చొక్కాకి గుండీ కుడుతోంది.

"బొమ్మలో ఉన్నది ఈవిడేనండీ!" అంటోంది వచ్చినవాళ్ళలో ఒకావిడ. "లావుగా వేశారు గానీ."

"మా తమ్ముడి కళ్ళకి అంతే కనబడతానమ్మా," అంది అక్క దారం పంటితో తెంపుతూ. వరద వచ్చి వెళ్ళాక ఆవిడ వీపు అంత నిటారుగా నిలవడం ఇదే మొదటిసారి. బ్రష్షుని చూసి, "రారా, చూశావా, నీ బొమ్మ చూసే వచ్చారు! ఇంకో రెండు చొక్కాలున్నాయట," అంది.

ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. బ్రష్షు గబగబా వెళ్ళి మధ్యలో నిలబడ్డాడు. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. అక్కా, లేచెయ్, షట్టరు దించెయ్.

అక్క అప్పటికే రెండో చొక్కా ఒళ్ళో వేసుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. చూపు ఆనక కళ్ళు చికిలించింది.

"అడ్డం తప్పుకోరా, వెలుతురు రావట్లేదు," అంది.

బ్రష్షు తప్పుకున్నాడు.